రబ్బరు పట్టా కింద మూత

ఆరేళ్లుగా ఈ సంగతి నాలోనే ఉంది. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. పనిలో ఉంటే మరిచిపోతాను. కాస్త తీరిక దొరికిందంటే చాలు, మళ్లీ వచ్చి గుండెల మీద కూర్చుంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను మెకానిక్‌ని. పటాన్‌చెరు దగ్గర రోడ్డు పక్కన రేకుల షెడ్డు నాది. బీరంగూడలో ఉండే సుగుణ గారు జిన్నారం వైపు ఫ్యాక్టరీలకు భోజనాలు పంపేవారు. వాళ్లది గుంటూరు వైపు, ఎప్పుడో వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ పికప్ బండిని మల్లేశం నడిపేవాడు. ఇక్కడి పల్లెవాడే. అతని భార్య ఆ వంటశాలలోనే చపాతీలు చేసేది.

ఒక వానాకాలం ఆ బండిలో ఇంజనుకు పెట్రోలు అందించే పంపు పోయింది. పంపు ట్యాంకు లోపల ఉంటుంది, ట్యాంకు సామాన్లు పెట్టే వెనక తొట్టి కింద ఉంటుంది. తొట్టి మొత్తం లేపితేనే చెయ్యి అందుతుంది. "తొట్టిని మాత్రం కోయొద్దు, అన్నం గిన్నెలు పెట్టే చోటు" అని సుగుణ గారు ముందే చెప్పారు. సరేనన్నాను. కానీ రోజూ కడిగే బండి, బోల్టులన్నీ తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఒకటి విరిగింది కూడా. లేపడానికి మనుషులు లేరు. సరిగ్గా పంపుకు పైన తొట్టి రేకు కోస్తే గంట పని. నిప్పురవ్వల భయానికి గ్రైండర్ ముట్టుకోలేదు. ట్యాంకు ఖాళీ చేసి, దాని మీదికి తడి గోనెసంచులు దూర్చి, ఉలితో, రేకు కత్తెరతో జానెడు చదరం కోశాను. పంపు మార్చి, ఆ కంత మీద రేకు మూత పెట్టి, నాలుగు స్క్రూలు బిగించి, పైన రబ్బరు పట్టా పరిచేశాను. చక్కగా కుదిరింది. కొంచెం గర్వంగా కూడా అనిపించింది. మల్లేశం వస్తే, తొట్టి లేపే బిగించానని చెప్పాను.

కొన్ని వారాలకు అతను పెట్రోలు వాసన వస్తోందన్నాడు. పాత బండి అంతే అన్నాను. చూడలేదు. చూడాలంటే అతని ముందు ఆ పట్టా ఎత్తాలి.

బండి పెట్రోలు ఎక్కువ తాగుతోందని సుగుణ గారికి అప్పటికే అనుమానం. చిరిగిన పట్టా మార్చబోతే మూత బయటపడింది. మూత కింద ట్యాంకు నోరు, ఎవరో పెట్రోలు తోడుకోవడానికే కోసినట్టు. మల్లేశాన్ని వెంటబెట్టుకుని నేరుగా నా షెడ్డుకు వచ్చారు.

"ఇది నువ్వు చేసిందేనా?" అని నన్ను అడిగారు. "నువ్వే అయితే ఇప్పుడే చెప్పెయ్. నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటాను."

"చెప్పన్నా," అన్నాడు మల్లేశం. "నాకైతే ఏం ఎర్కలేదు. పట్టా కింద ఏమున్నదో నేనెన్నడు సూడలే."

"నేను తొట్టి లేపే పంపు పెట్టిన మేడం," అన్నాను. "గీ మూత సంగతి నాకు తెల్వది."

మల్లేశం నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. "మరి ఎవరు జేసిన్రన్నా?" అని అడిగాడు, నిజంగానే నాకు తెలుస్తుందేమో అన్నట్టు.

ఎందుకు అబద్ధమాడాను? ఆవిడ నన్నేం చేసేవారు? తిట్లే కదా. మాట తప్పినవాడినని ఆ ఒక్క నిమిషం అనిపించుకోలేక, ఒక మనిషిని జీవితాంతం దొంగ అనిపించానా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఆ రోజే అతని పని పోయింది. తొట్టి కోసి పెట్రోలు తీశాడన్న మాట డ్రైవర్లందరికీ పాకింది. ఎవరూ బండి ఇవ్వలేదు. అతని భార్య కూడా వంటశాలకు రావడం మానేసింది.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. మూత గట్టిగా మూసేయమని సుగుణ గారు బండిని నా దగ్గరే వదిలారు. తీసి చూస్తే, పంపు చుట్టూ నేను వేసిన రబ్బరు వాషరు మెలిపడి ఉంది. ట్యాంకు నిండా పోసి గుంతల రోడ్డులో వెళ్తే పెట్రోలు అక్కడి నుంచే చిమ్మిపోయేది. ఎవరూ దొంగిలించలేదు. నా చేతిలో ఉన్న ఆ వాషరు ఆవిడకు చూపిస్తే చాలు. పారేశాను. కొత్తది వేసి మూత బిగించాను. నెల తిరిగాక ఆవిడ ఫోన్ చేశారు. "చూశావా, అతను వెళ్లాక బండి ఎంత బాగా నడుస్తోందో!" అవును మేడం అన్నాను. అతని దొంగతనానికి రుజువు కూడా నేనే తయారుచేసి ఇచ్చాను.

పోయిన నెల తెల్లాపూర్‌లో ఒక పెద్ద అపార్టుమెంట్‌లో కారు బాగుచేయడానికి వెళ్లాను. గేటు దగ్గర మల్లేశం, సెక్యూరిటీ బట్టల్లో. చిక్కిపోయాడు. పక్కనున్న గార్డు నా పనిముట్ల సంచి తెరవబోతే ఆపాడు. "మనోడే, మంచి మేస్త్రి, పోనియ్" అన్నాడు. నవ్వి నా భుజం తట్టాడు. నేను నవ్వానో లేదో గుర్తులేదు. పని ముగించుకుని వెనక గేటు నుంచి వెళ్లిపోయాను.

ఆ తొట్టి కోసింది నేను. మల్లేశం ఒక్క చుక్క కూడా తీయలేదు.

ఈ మాట వినాల్సిన ఇద్దరూ నా షెడ్డుకు అరగంట దూరంలోనే ఉన్నారు. నేను మీకు చెబుతున్నాను. వాళ్ల దగ్గరికి వెళ్తానో లేదో ప్రమాణం చేయలేను, నా మాట విలువ మీకు తెలిసింది కదా. క్షమించమనీ అడగను. అది మీ చేతిలో లేదు. కోసింది నేను, అతను తీయలేదన్న ఆ రెండు వాక్యాలు రాయడానికి పొద్దుటి నుంచి నాలుగుసార్లు లేచి షెడ్డు చుట్టూ తిరిగొచ్చాను. రాశాను. ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది.