పేరమ్మ ‘అట్నే’ అనలేదు

“…ఆ కుర్చీలో పోయి కూర్చోమని నేను చెప్పినానా దాన్ని?”

“చెప్పలా? మన ఇంటి ఆడది సమితిలో మెంబరంటే పాలేనికే పరువని ఇంటింటికీ పోయి చెప్పుకోనింది ఎవురక్కా, నువ్వు గాదా?”

“పరువని అన్నా. నోరు అమ్ముకోని రమ్మని అన్లా.”

గుడిసె వెనక ఉప్పుచేపలు ఎండబెడుతున్న పేరమ్మకు తడిక సందుల్లోంచి ఆ మాటలన్నీ వినబడుతున్నాయి. లోపల పోట్లాడుకుంటున్నది ఆమె భర్త కామాక్షయ్య, ఆయన అక్క నాగులమ్మ. చేతిలో చేపను రెండో వైపు తిప్పడం మరిచి ఆమె అలాగే నిలబడింది.

“అది అమ్ముకోలా,” అన్నాడు కామాక్షయ్య. కాని ఆ మాట గట్టిగా అనలేదు. అదే ఆమెను భయపెట్టింది.

పేరమ్మ సమితి మెంబరయి అప్పటికి ఏడాదిన్నర దాటింది. పంచాయతీ సమితులు కొత్తగా వచ్చినప్పుడు, సర్పంచులతో పాటు ఇద్దరు ఆడవాళ్లను కూడా చేర్చుకోవాలన్నారు. ఒకరు ఒక సర్పంచి మరదలు. రెండో మనిషి సముద్రం ఒడ్డు నుంచి అయితే బాగుంటుందని ప్రెసిడెంటు పద్మనాభయ్య అన్నాడు. ఒడ్డున ఆయనకు తెలిసిన ఆడమనిషి పేరు ఒక్కటే. పదిహేనేళ్లుగా వారానికి రెండుసార్లు ఆయన ఇంటి వెనక గుమ్మంలో చేపల తట్ట దించే పేరమ్మ.

ఆమె సంతకం నేర్చుకుంది. నీలం అంచు చీర ఒకటి మీటింగులకని విడిగా పెట్టుకుంది. కుర్చీ అంచున కూర్చుని, సమితి ఏడాది పొడుగునా ఏం చేస్తుందో చూసింది. వేసవి దాటగానే విత్తనాల మాట. వానలకు ముందు చెరువుగట్ల మాట. తర్వాత బడులు, బావులు, రోడ్లు. ఏడు స్థాయీ సంఘాలు ఎవరి పని వాళ్లు తేల్చి సమావేశానికి తెస్తే, ప్రెసిడెంటు ఒక్కొక్కటే చదివించి ముగిస్తాడు. పేరమ్మను మహిళా సంక్షేమ సంఘంలో వేశారు. ఆ సంఘం నిరుడు రెండుసార్లు కూర్చుంది. కుట్టుమిషన్లు తెప్పించడానికి ఒకసారి, తెప్పించిన మిషన్లు ఎవరింట్లో ఉన్నాయో తేల్చడానికి ఇంకోసారి.

సెప్టెంబరు సమావేశంలో ఉత్పత్తి సంఘం ఒక అంశం తెచ్చింది. పాలెం పక్కన ఉప్పుకాలువ సముద్రంలో కలిసే మొగకు అడ్డంగా కట్ట వెయ్యాలి. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్లు కాలువ వెంట ఎగదన్ని చేలల్లో పడుతున్నాయి. రెండేళ్లుగా మొలగొలుకుల వరి పొట్ట దశలోనే మాడిపోతోంది. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆ చేల గట్ల మీదుగా నడిచే పేరమ్మకు అది తెలుసు. మొగ మూసేస్తే గాలివాన పట్టినప్పుడు పాలెం పడవలు వచ్చి దాక్కోవడానికి ఇంకో చోటు లేదనీ తెలుసు. అక్కడున్న వాళ్లలో ఆ రెండో సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే.

“ఎవురికైనా అభ్యంతరం ఉండాదా?” అని ప్రెసిడెంటు అడిగాడు.

పేరమ్మ పెదవులు బిగించుకుంది. పాలెంలో కులపెద్ద అయిన పెద్దకాపు ఒక మాటను మూడుసార్లు అడుగుతాడు. ఒప్పుకున్న ఇల్లు ‘అట్నే’ అని పైకి అనాలి. ఒక్క ఇల్లు పలక్కపోయినా ఆ మాట పడనట్టే. మళ్లీ కూర్చోవలసిందే. కాదని నోటితో అనడం పెద్దల ముఖాన ఉమ్మినట్టు. మర్యాద తెలిసినవాళ్లు పలకరు, అంతే. పేరమ్మ కూడా పలకలేదు. తను పలకడం లేదని ఆయనకు తెలియాలని తలెత్తి సూటిగా చూసింది. ఆయన కూడా ఆమె వైపు చూసి, తల ఊపి, కాగితం తిప్పాడు.

ఆ సాయంత్రం పాలేనికి వచ్చి, “మొగ మాట పడనియ్యలా నేను,” అని చెప్పింది. నాగులమ్మ అందరికీ బెల్లం పంచింది.

మూడు వారాలకు ఓవర్సీరు వచ్చాడు. ఇద్దరు కూలీలు కాలువ మొగకు అటూ ఇటూ గూటాలు పాతారు. ఇదేందని అడిగిన వాళ్లకు ఆయన కాగితం తీసి చదివాడు. తీర్మానం ఏకగ్రీవం. పాలెం సభ్యురాలు శ్రీమతి పేరమ్మ గారి సమ్మతితో సహా.

పెద్దకాపు పోలేరయ్య పాలెం వాళ్లను ఇసుకలో కూర్చోబెట్టాడు. పేరమ్మ జరిగింది చెప్పింది. చెప్తుంటే తనకే అది అబద్ధంలా వినబడింది.

“పలకలేదంటుండావు. పలక్కపోతే సమ్మతి ఎట్టా అవుతాది మే?” అన్నాడు పోలేరయ్య.

“నాకూ తెలవదు మామా.”

“వడ్లు ఎన్ని కొలిచినారో అడగండి,” అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. కామాక్షయ్య ఇసుకలో వేలితో గీతలు గీస్తూ తల ఎత్తలేదు.

పోలేరయ్య నవ్వలేదు. “వచ్చే మీటింగుకి ఆ కాగితం తిరగాల. తిరక్కపోతే ఆ ఇంటి మీద దురాయి,” అన్నాడు. మూడుసార్లు అడిగాడు. ఇల్లిల్లూ ‘అట్నే’ అంది. దురాయి పడిన ఇంటి మగవాణ్ణి ఏ పడవా ఎక్కించుకోదు. ఆ ఇంటికి నిప్పు కూడా ఇవ్వరు. పేరమ్మ చిన్నప్పుడు ఒక ఇంటి మీద దురాయి వేశారు. ఆరు నెలలకు ఆ ఇంటివాళ్లు ఎటు పోయారో ఇప్పటికీ తెలియదు. ఆ ఇంటి రాట మటుకు చాలా కాలం ఇసుకలో నిలబడి ఉండేది.

మర్నాడు ఆమె సమితి ఆఫీసుకు నడిచిపోయింది. గుమాస్తా కృపాదానం ఆమె చెప్పింది విని, కలం కింద పెట్టి, తలుపు దాకా పోయి చూసి వచ్చాడు.

“ఇక్కడ పలక్కపోతే ఒప్పుకున్నట్టేనమ్మా.”

“ఎవురు చెప్పినారు అట్టాగని?”

“ఎవురూ చెప్పరు. అందురికీ తెలుసు.” ఆయన గొంతు తగ్గించాడు. “నవంబరు మీటింగులో ముందు పోయినసారి రాసింది చదువుతారు. సరిగ్గా రాసినారా అని అడుగుతారు. అప్పుడు నిలబడి, నేను ఒప్పుకోలేదని నోటితో చెప్పాల. పాలెం మనిషి ఒప్పుకున్యదని రాసినందుకే పైవాళ్లు సరే అన్న్యారు. ఒప్పుకోలేదని పడితే మళ్లీ మొదటికొస్తాది. ఆ పూట దాటితే సంవత్సరం పనుల జాబితా నెల్లూరికి పోతాది. ఇంక ఎవురూ ఏమీ చెయ్యలేరు.”

“నువ్వు చెప్పినావని అనన్లే అన్నా.”

“అనబాకమ్మా. పిల్లలు గలవాణ్ణి.”

ఆమె తట్టలో చేపలున్నాయి. వాటితో పద్మనాభయ్య ఇంటికి పోయింది. ఆయన భార్య ఆదిశేషమ్మ చేపలు ఏరుకుని, ఎప్పటిలాగే చెంబుతో మజ్జిగ ఇచ్చింది. పేరమ్మ తాగుతున్నంత సేపూ ఎదురుగా కూర్చుంది.

“మీ పాలెంలో ఏందో గొడవంట గదా పేరమ్మా.”

“ఏం లేదమ్మా.”

“మా ఆయనకి రేత్రిళ్లు నిద్ర లేదు. మా చేను చూసినావు గదా. ఉప్పు పేరుకోని తెల్లంగా, పీనుగ మీద గుడ్డ కప్పినట్టు.” ఆదిశేషమ్మ ఖాళీ చెంబు అందుకుంది. “మీ పాలెం ఆడోళ్లు మా చేలోంచే గదా ఊటగుంటకి నీళ్లకి వచ్చేది? ఎన్నేళ్ల నుంచో. ఆయన ఒక్కనాడు వద్దన్లా. ఆ సంగతి ఒకరు గుర్తుపెట్టుకోవాల గదా, ఏమంటావ్?”

పాలెంలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. తాగే నీళ్లకు ఆ గుంట ఒక్కటే. పేరమ్మ తట్ట ఎత్తుకుంది. తల మీద చుట్టకుదురు పెట్టుకోవడం మరిచిపోయిందని ఊరు దాటాక గాని తెలియలేదు.

ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్తే పాలెం రెండుగా చీలుతుంది. నీళ్లు కావాలనేవాళ్లు కొందరు, మొగ కావాలనేవాళ్లు కొందరు. ఎవరు ఏమన్నా చివరికి ఆ కుర్చీలోంచి లేచి నిలబడవలసింది తనే. మీటింగుకు ముందు వారమంతా కామాక్షయ్య పెళ్లాంతో మాట్లాడలేదు. తినేటప్పుడు గిన్నె జరిపి పెట్టేవాడు, అంతే.

మీటింగుకు ముందు రోజు మధ్యాహ్నం ఈశాన్యం నుంచి గాలి తిరిగింది. అప్పటికి పడవలు సముద్రం లోపలికి పోయి ఉన్నాయి. ఆడవాళ్లు ఒడ్డుకు పరిగెత్తారు. అలలు లేచి విరిగే చోట అంతా తెల్లగా ఉంది. తిన్నగా ఒడ్డుకు వస్తే పడవ ముక్కలే. ఒక్కొక్క తెరచాప దక్షిణానికి ఒరిగి, మొగ వైపు తిరిగి, గూటాల మధ్య నుంచి కాలువలోకి దూరింది. పోయిన ఎనిమిదింటినీ నాగులమ్మ పైకి లెక్కపెడుతోంది. ఏడు. చాలా సేపు ఏడే. చీకటి పడకముందే ఎనిమిదోది కనిపించింది. తెరచాప సగం చిరిగి ఉంది. అది మొగలోకి తిరిగేటప్పుడు పక్క భాగం ఓవర్సీరు పాతిన గూటానికి కొట్టుకుంది. గూటం వంగింది. పడవ లోపలికి వచ్చింది.

అందులోంచి కామాక్షయ్య దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పేరమ్మను చూశాడు. “రేపేనా మీటింగు?” అన్నాడు. వారం రోజుల్లో అది మొదటి మాట.

మర్నాడు సమితి హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. పేరమ్మ నీలం అంచు చీర కట్టుకుని ఎప్పటి కుర్చీలోనే కూర్చుంది. కృపాదానం పోయిన సమావేశం తీర్మానాలు చదువుతున్నాడు. విత్తనాలు, ఒక బడికి తాటాకు కప్పు, పశువుల ఆసుపత్రి. మొగ అంశం వచ్చినప్పుడు ఆయన చదివే వేగం కొంచెం పెరిగింది. అయిపోయింది.

“సరిగ్గా రాసినట్టేనా?” అన్నాడు పద్మనాభయ్య.

పేరమ్మ లేచింది. ముందున్న కుర్చీ వీపు పట్టుకుంది.

“ఏం పేరమ్మా, చేపల ధర పెంచమంటావా?” అన్నాడు సర్పంచి హజరత్తయ్య. నవ్వులు.

“మొన్న మీరు అడిగినప్పుడు నేను ‘అట్నే’ అన్లేదయ్యా,” అంది పేరమ్మ.

“కాదని గూడా అన్లా గదా?” అన్నాడు ప్రెసిడెంటు నెమ్మదిగా.

“మా పాలెంలో పలక్కపోతే ఒప్పుకోనట్టే.”

“ఇది మీ పాలెం గాదమ్మా.” మళ్లీ నవ్వులు.

“తెలవక కూర్చున్యా. ఇప్పుడు తెలిసి చెప్తుండా. మొగ మూసేదానికి నేను ఒప్పుకోను. నిన్న ఎనిమిది పడవలు అందులోనుంచే వచ్చినాయి.”

నవ్వులు ఆగాయి. పద్మనాభయ్య బల్ల మీద చేతులు పెట్టుకుని ఆమెను చూశాడు. ఆయన కళ్ల కింద చర్మం నల్లగా జారి ఉంది.

“మా చేను చూసినావా?”

“చూసినానయ్యా.”

“చూసి గూడా?”

“చూసి గూడా.”

“ఊటగుంట సంగతి మా ఇంట్లో చెప్పిందా నీకు?”

“చెప్పినారు.”

“చెప్పినాక గూడానా?”

హాలంతా ఆమె వైపే చూస్తోంది. కృపాదానం కలం కాగితానికి కొంచెం పైన ఆగి ఉంది. ఇక్కడ పలక్కపోతే ఏమవుతుందో ఆమెకు గుర్తొచ్చింది.

“చెప్పినాక గూడానయ్యా,” అంది.

పద్మనాభయ్య బల్ల మీంచి చేతులు తీశాడు. తర్వాత గుమాస్తా వైపు తిరిగాడు.

“రాయి. పాలెం సభ్యురాలు ఒప్పుకోలేదు. మొగ అంశం ఉత్పత్తి సంఘానికి తిరిగి పంపిస్తుండాం. సంఘం పోయి చూసి, వచ్చే ఏడాది సమావేశానికి చెప్పాల. అప్పటిదాకా పని ఆపాల.” కృపాదానం రాసేదాకా ఆగి, పేరమ్మ వైపు చూశాడు. “ఇంకొకటి. ఇది రాయాల్సిన పన్లేదు, నా సొంత యవ్వారం. రేపు పొద్దున్నించి మా చేలో ఊటగుంట దోవకి కంప కొట్టిస్తుండా.”