అర పొట్లం కందిపప్పు

నా చిన్నప్పుడు ఒక ఏడాది మిరపకాయ ధర ఎంతలా పడిపోయిందంటే, గుంటూరు మార్కెట్‌కి బస్తాలు తోలుకెళ్ళిన బండ్లు కొన్ని అట్లాగే తిరిగొచ్చాయి. ఆ ధరకు ఇచ్చేబదులు ఇంట్లో పడేసుకోవడం నయమని రైతులు సరుకు వెనక్కి తెచ్చేసుకున్నారు. ఏ ఇంట్లోకి అడుగుపెట్టినా వసారా నిండా మిరప బస్తాలే. పలకరింపుల కంటే ముందు తుమ్ములు వచ్చేవి.

ఇప్పుడు టీవీలో మాంద్యం అంటున్నారే, ఆ మాట అప్పట్లో మాకు తెలియదు. చేతిలో డబ్బాడటం లేదు అనేవాళ్ళు. మిరపకాయ కదలకపోతే మా వైపు ఏదీ కదలదు. బట్టలు కుట్టే ఆయన పగలంతా మిషను పక్కనే కునుకు తీసేవాడు. కాఫీ హోటల్లో పెసరట్లు మానేసి ఇడ్లీలతో సరిపెట్టారు. గాజులమ్మే ఆవిడ మా వీధి మొదట్లోనే గంప ఎత్తుకుని వెనక్కి వెళ్ళిపోయేది. నాకు మాత్రం ఆ ఏడాది కొత్త పరికిణీ కుట్టించలేదన్న ఉక్రోషం తప్ప మిగతాదేం తలకెక్కలేదు.

ధర మళ్ళీ ఎప్పుడు లేస్తుంది? ఊరందరి నోటా అదే మాట. అది అడగడానికి అందరూ మా ఇంటికే వచ్చేవాళ్ళు. ఎప్పుడో ఒకసారి మా తాతయ్య ధర లేస్తుందన్నాడట, లేచిందట. ఇక ఊరికి ఆయన మీద గురి కుదిరిపోయింది. తాతయ్య అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ, వచ్చినవాళ్ళు చెప్పేది సాంతం వినేవాడు. గబుక్కున ఏదీ చెప్పేవాడు కాదు. ఆలోచించి రేపు చెబుతానని పంపేసేవాడు.

వాళ్ళు అటు వెళ్ళగానే నన్ను పిలిచేవాడు. వాళ్ళింటికి వెళ్ళి సోలెడు కందిపప్పు చేబదులుగా అడిగి తెమ్మనేవాడు. మా ఇంట్లో బాన నిండా పప్పుంది. అయినా గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. స్కూల్లో నా పక్కన కూర్చునే పిల్లల ఇళ్ళకు కూడా వెళ్ళాల్సి వచ్చేసరికి నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. మా నాయనమ్మ కూడా ఊరుకునేది కాదు, ఇంటి పరువు తీస్తున్నాడని సణిగేది. ఆయన ఎవరి మాటా పట్టించుకునే రకం కాదు.

విచిత్రమేమిటంటే, తెచ్చిన పప్పు వైపు తాతయ్య కన్నెత్తి చూసేవాడు కాదు. ఎందులోంచి తీసి పెట్టారే అని మాత్రం అడిగేవాడు. నేను చూసింది చూసినట్టు చెప్పేదాన్ని. మర్నాడు అదే గిన్నెలో పప్పు అంచు పైదాకా శిగ పోసి, నా చేతే వెనక్కి పంపేవాడు. ముసలాయనకు చాదస్తం పట్టుకుందని నాకు నేనే తేల్చేసుకున్నాను.

మా పక్కింటి అత్తకు అంతకుముందు ఏడాదే భర్త పోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు. సొంత పొలం లేదు, కౌలుకు తీసుకున్న చేలో మిరప వేసింది. పంట బాగానే పండింది, ధర లేదు. వానలు పడేలోపు కౌలు కట్టకపోతే ఆ చేను ఇంకొకరికి పోతుంది. చేను పోతే ఆమెకు కూలికి వెళ్ళడం తప్ప దారి లేదు. ఆ సాయంత్రం ఆమె వచ్చి, అరుగు కింద నిలబడి అడిగింది. "అమ్మమంటావా, ఆగమంటావా మామయ్యా? నువ్వేదంటే అదే చేస్తా."

రేపు చెబుతానన్నాడు తాతయ్య. ఆమె ఇల్లు చేరిందో లేదో, గిన్నె పట్టుకుని నేను తయారు. అత్త నన్ను చూసి నవ్వింది, లోపలికి రమ్మంది. మూలనున్న బాన వైపు ఆమె వెళ్ళనే లేదు. దాని మీద పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. ఉట్టి మీద నుంచి కాగితం పొట్లం ఒకటి దించింది. కొట్లో ఏ పూటకాపూట తెచ్చుకునే చిన్న పొట్లం. దారం విప్పి, సగం నా గిన్నెలో పోసి, మిగతా సగం మళ్ళీ జాగ్రత్తగా మడిచి పెట్టుకుంది. సోలెడు లేదమ్మా, ఇది సరిపోతుందేమో అడుగు అంది.

నేను ఇంటికొచ్చి ఆ ముక్క చెప్పాను. తాతయ్య చుట్ట పక్కన పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే ఆమెను పిలిచి, ఈ ఏడు ధర లేవదమ్మాయ్, ఉన్నదున్నట్టు అమ్మేసి కౌలు కట్టెయ్ అన్నాడు.

అదే రోజు కాసేపటికి మిద్దె ఇంటి పెద్దాయన వచ్చాడు. అంతకుముందు రోజు నేను ఆయన ఇంటి నుంచి కూడా పప్పు తెచ్చాను. వాళ్ళావిడ బానలో చెయ్యి మోచేతి దాకా ముంచి తీసి పెట్టింది. తాతయ్య ఆయనతో, తొందరేముంది, ఆగండి, దసరా దాటాక లేస్తుంది అన్నాడు.

నేను గుమ్మంలోనే ఉన్నాను. రెండూ విన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. డబ్బున్నాయనకు నిజం చెప్పి, మొగుడు పోయిన మనిషిని మోసం చేశాడనుకున్నాను. పెద్దాయన వెళ్ళగానే తాతయ్య మీదకు వెళ్ళాను. ధర లేస్తుందా, లేవదా, ఏదో ఒకటి చెప్పమని నిలదీశాను.

"నాకేం తెలుసే?" అన్నాడు తాతయ్య, తాపీగా.

తెలియకపోతే తెలియదని చెప్పొచ్చుగా అన్నాను.

"మొదట్లో అదే చెప్పా. ఒక్కడూ నమ్మలా. తెలిసి కూడా దాస్తున్నానని అలిగి పోయారు." నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ధర లేస్తుంది. పడ్డది ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది. ఎప్పుడన్నది ఎవడికీ తెలవదు. అందాకా ఇంట్లో పొయ్యి వెలగాలిగా? ఆయన రెండేళ్ళైనా ఆగుతాడు. ఆ పిల్ల వారం కూడా ఆగలేదు. నువ్వేగా చూసొచ్చింది."

అప్పుడు అర్థమైంది నాకు, నేను ఇన్నాళ్ళూ తెచ్చింది పప్పు కాదని. ఇంట్లో తిండికి ఎన్నాళ్ళ ధీమా ఉందో నోరు తెరిచి అడిగితే మా వైపు ఎవరూ చెప్పరు. పస్తున్నవాళ్ళు కూడా ఇప్పుడే తిన్నామంటారు. అందుకని గిన్నె ఇచ్చి నన్ను పంపాడు.

అత్త అమ్మేసింది. వచ్చిన కాస్త డబ్బుతో కౌలు కట్టింది, వానలు పడ్డాక మళ్ళీ మిరప నారు వేసింది. ఇంతలో దసరా వెళ్ళిందో లేదో, ధర నిజంగానే లేచింది. మామూలుగా కాదు, ఊరు ఊరంతా నోరు తెరిచి చూసేట్టు లేచింది. మిద్దె ఇంటి పెద్దాయన బస్తాలు బండ్ల మీద వెళుతుంటే, అత్త మా అరుగు ముందుకొచ్చి నిలబడింది.

"నీకు నేనేం ద్రోహం చేశా మామయ్యా? ఆయనకేమో ఆగమన్నావు, నాకేమో అమ్మమన్నావు" అని వీధంతా వినబడేట్టు తిట్టింది, ఏడ్చింది. నీ పొట్లం చూశాకే ఆ మాట చెప్పాడత్తా అని నాలుక చివరి దాకా వచ్చింది. తాతయ్య నా వైపు ఒక్క చూపు చూశాడు. నోరు మూసుకున్నాను. ఆయన ఆమెతో, నా లెక్క తప్పిందమ్మాయ్ అన్నాడు. అంతే అన్నాడు.

నలుగురిలో తిట్లు తిన్నాడు గాని, ఆమె ఇంట్లో బాన ఖాళీ అన్న సంగతి బయట పెట్టలేదు. నేను అంతవరకు పెద్దవాళ్ళెవరూ అట్లా ఓడిపోవడం చూడలేదు.

ఆ ఏడు ఆమె చేలో కాయ ఎర్రగా విరగకాసింది, మంచి ధరకు పోయింది. మొదటి కోత నుంచి ఒక బుట్టెడు కాయ తెచ్చి మా వసారాలో పెట్టింది. పెడుతూ కూడా, ఆ పాత బస్తాలు కూడా ఉంటేనా మామయ్యా, అని సాధించింది. ఆమె ఉన్నంతకాలం ఆ సాధింపు మానలేదు, తాతయ్య ఉన్నంతకాలం దానికి జవాబు చెప్పలేదు. ఇద్దరూ పోయి చాలాకాలమైంది కాబట్టి నేనిప్పుడు చెబుతున్నాను.

ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. మా మనవడు ఎకనామిక్స్ చదువుతున్నాడు. దేశం మాంద్యంలోంచి ఎట్లా లేస్తుందో ఫోన్లో గీతలు చూపిస్తాడు, ఇది ఇంగ్లీషు వీ అక్షరంలా లేస్తుంది, అది యూలా నింపాదిగా లేస్తుంది అంటాడు. వాడి లెక్కలు తప్పని నేననను. గీత పైకి లేచేదాకా కింద మలుపులో ఉన్నవాళ్ళు ఏం తింటార్రా అని అడుగుతాను. అది వేరే సబ్జెక్టు నాయనమ్మా అంటాడు.

ఈమధ్య మళ్ళీ మిరపకాయ పడిపోయింది. ఊళ్ళో వ్యవసాయం చేస్తున్న మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. వాడి సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది. "టీవీలో లేస్తుందంటున్నారత్తా, ఆగమంటావా?"

మీ ఇంట్లో కందిపప్పు ఎట్లా తెచ్చుకుంటున్నార్రా అని అడిగాను. వాడు నవ్వాడు, ఇదేం ప్రశ్న అన్నాడు. నేను నవ్వలేదు. మళ్ళీ అదే అడిగాను.

"పావుకిలో, అరకిలో తెచ్చుకుంటున్నాం అత్తా" అన్నాడు.

అమ్మెయ్ రా అన్నాను. రేపు ధర లేస్తే నన్ను తిట్టుకుంటాడు. తిట్టుకోనీ. నా లెక్క తప్పిందిరా అని చెబుతాను.