నూట పన్నెండో నంబరు బొమ్మ

జాయ్స్‌కి రోత ఎక్కువ. హోటల్లో గ్లాసు అంచు రెండుసార్లు తుడవందే నీళ్లు తాగదు. తాగాక కూడా తాగకుండా ఉంటే బాగుండేదనుకుంటుంది. తండ్రి జాకబ్ అచ్యుతాపురంలో కంపెనీ బస్సు తోలుతాడు. ఆయన ఇంటికొస్తే కూతురు ముందు చూసేది ముఖం కాదు, చేతులు. దీన్ని సబ్బుల ఫ్యాక్టరీ వాడికే ఇచ్చి చెయ్యాలని ఆయన నవ్వేవాడు. అలాంటి పిల్ల లైబ్రరీ సైన్స్ చదువుతూ, 2009 మే సెలవుల్లో, ప్రాజెక్టు పేరుతో ఎలకల కంపు కొట్టే గదిలో నెల్లాళ్లు కూర్చుంది. ఆమెని అక్కడ కూర్చోబెట్టింది రూఫస్ మాస్టారి పనితనం.

రూఫస్ మాస్టారు అనకాపల్లిలో నలభయ్యేళ్లు బొమ్మలు వేసిన మనిషి. షాపు బోర్డులు, సండేస్కూలు పటాలు, అన్నిటికన్నా ఎక్కువగా పోయినవాళ్ల బొమ్మలు. ఫొటో లేనివాళ్లుంటే వాళ్ల అన్ననో తమ్ముణ్ణో ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇంటివాళ్లు చెప్పిన గుర్తులు కలిపి, అట్టమీద నీటిరంగులతో వేసేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. కొడుకు వరప్రసాదరావు ఇప్పుడు తండ్రి పేరిట పుస్తకం వెయ్యాలనుకున్నాడు. ఉన్న బొమ్మలన్నిటికీ నంబర్లు వేసి, ఏది ఏ స్థితిలో ఉందో రిజిస్టర్లో రాయడం జాయ్స్ పని.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. బతికుండగా తండ్రి దగ్గి దగ్గి సొమ్మసిల్లినా పక్కగదిలోంచి రాని ఈ పెద్దమనిషి, ఇప్పుడు నాన్నగారంతటి కళాకారుడు జిల్లాలోనే లేడని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాటలు చెబుతూనే మిరపకాయ బజ్జీ నూనె వేళ్లని మంచి సమరయుడి పటానికి తుడుచుకున్నాడు. అదేమిటని జాయ్స్ అడిగితే వెనకవైపే కదా అన్నాడు.

నూట పన్నెండో నంబరు ఒక జాలరి బొమ్మ. మెడమీద మచ్చ, ఉప్పుగాలికి పగిలిన పెదవులు, అన్నీ ఉన్నాయి. కళ్లు లేవు; రెప్పల మధ్య ఉత్త తెలుపు. "అసంపూర్ణం, కళ్లు లేవు" అని జాయ్స్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, తర్వాతి బొమ్మకి వెళ్లిపోయింది.

రెండు వారాల తర్వాత మాస్టారి నోటుబుక్కు బయటపడింది. జాలరి పేరు పైడిరాజు, ఊరు రాజయ్యపేట. పదమూడేళ్ల కిందట వేటకెళ్లి తుపానులో చిక్కుకున్నాడు. మనిషీ రాలేదు, శవమూ దొరకలేదు. దినం చేసేద్దామని అతని తమ్ముడు బొమ్మ పురమాయించాడు. భార్య తలుపులమ్మ మర్నాడు ఒక్కతే వచ్చి మాస్టారి కాళ్లు పట్టుకుంది. పోయాడని కబురొస్తేనే కళ్లు వెయ్యాలి, అందాకా వద్దని. కళ్లు లేని బొమ్మకి దండ వెయ్యరు కదా. మాస్టారు ఒప్పుకున్నాడు. తమ్ముడు ఎన్నిసార్లడిగినా ఇంకా అవలేదనే చెప్పాడు. ఏటా మే నెలలో, వేట ఆపే రోజుల్లో, ఒకే సంగతి రాసుకున్నాడు: "తలుపులమ్మ వచ్చింది. చూసింది. నిమ్మళంగా వెళ్లింది."

జాయ్స్ ఆ పేజీలన్నీ వరప్రసాదరావుకి చదివి వినిపించింది. ఆ బొమ్మ జోలికి వెళ్లొద్దని బతిమాలింది. అతను పళ్లు కుట్టుకుంటూ అంతా విని, తల ఊపాడు.

సోమవారం వచ్చేసరికి పైడిరాజుకి కళ్లున్నాయి. ఫ్లెక్సీ షాపువాడెవడో వేశాడట. సినిమా హీరోకి దిద్దినట్టు నల్లగీతలు, మధ్యలో తళతళలాడే చుక్కలు. జాయ్స్ బయటికి పరిగెత్తి కాలవ పక్కన కక్కుకుంది.

తిరిగొచ్చి ఇదేం పనని అడిగితే వరప్రసాదరావు రిజిస్టరు ఆమె ముందు పెట్టాడు.

"గుడ్డి బొమ్మని పుస్తకంలో ఏత్తే నాన్నగారి పరువేటమ్మా? లోపముందని నువ్వే కదా రాసేవు. అందుకే చేయించేను."

అక్షరాలు తనవే. అంత పొందిగ్గా ఉన్న ఆ అక్షరాలను చూస్తే జాయ్స్‌కి ఆ బజ్జీ వేళ్లకన్నా ఎక్కువ అసహ్యమేసింది. పని మానేసి పోదామనుకుంది. కానీ తలుపులమ్మ వచ్చేసరికి ఆవిడకి చెప్పడానికి ఈ మనిషి ఒక్కడే మిగలకూడదని ఆగింది.

గురువారం తలుపులమ్మ వచ్చింది. రూపాయి కాసంత బొట్టు, రెండు చేతులకీ నిండా గాజులు, మాస్టారింటికని ఎండుచేపల మూట. జాయ్స్ ఆవిడని వరండాలోనే కూర్చోబెట్టి మెల్లగా చెబుదామనుకునేలోపే, లోపల్నించి వరప్రసాదరావు రమ్మని పిలిచి బొమ్మ చూపించేశాడు. ఆవిడ మూట దించలేదు.

"కబురొచ్చీసిందా అమ్మా? ఎవులు తెచ్చేరు?"

ఏ కబురూ రాలేదని, పుస్తకంలో అందంగా ఉంటుందని వేయించారని జాయ్స్ చెప్పింది. తన రాతవల్లే జరిగిందని కూడా చెప్పింది. తలుపులమ్మ అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"అయితే తుడిసీండి."

"తుడిస్తే పోద్దేటి? ఎనామిలు రంగు. వందేళ్లు గ్యారంటీ" అన్నాడు వరప్రసాదరావు, మెచ్చుకుంటారన్నట్టు.

తలుపులమ్మ మూట కిందపెట్టి, చీరకొంగు నాలికతో తడుపుకుని పైడిరాజు ముఖం రుద్దడం మొదలెట్టింది. కళ్లు చెక్కుచెదరలేదు. మాస్టారు నీటిరంగులతో వేసిన చెంప కరిగి కొంగుకి అంటుకుంది.