ఆ రోజు ఎండ లేదు

పద్నాలుగేళ్ళుగా నేనొక పిట్ట బరువు మోస్తున్నాను. నవ్వకండి. అమూర్ డేగ అనే ఆ పిట్టని తూకం వేస్తే పిడికెడు బియ్యమంత తూగుతుందేమో. అంత చిన్న దాన్ని దించుకోలేక ఇన్నేళ్ళు చేతులు పీకుతున్నాయంటే తప్పు పిట్టది కాదు, నాదే.

నా పేరు చెప్పను. పిరికివాడనుకోండి, అందులో అబద్ధమేమీ లేదు. కావలిలో చాలాకాలం జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా ఊళ్ళో పక్షులు చూసేవాళ్ళ క్లబ్బు మొదలుపెట్టింది నేనే. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. ఇద్దరు టీచర్లు, ఒక బీమా ఏజెంటు, మందుల షాపాయన, ఇలా అంతా కలిపి పదిమందిమి. సెప్టెంబరులో ఉప్పుమడుల మీద వాలే వలస పిట్టలు. నవంబరులో గద్దలు, డేగలు. జనవరిలో ఒక ఆదివారం చిట్టమూరు బీళ్ళకి పోయి, పొద్దుగూకే వేళ గడ్డిలోకి దిగే పిల్లిగద్దల్ని లెక్కపెట్టేవాళ్ళం. మర్నాడు తడ వైపు రాజహంసలు. ఫిబ్రవరిలో బడిపిల్లల్ని వెంటబెట్టుకుని నడక. మా ఏడాది అంతా ఇదే.

మాకొక ఆనవాయితీ ఉంది. నడక అయ్యాక టీ కొట్టు దగ్గర కూర్చుని జాబితా చదువుతాం. ఒకరు రిజిస్టరు పట్టుకుని పిట్ట పేరు చదివితే, చూసినవాళ్ళు "చూశాను" అనాలి. కాకికీ కొంగకీ ఒక్క గొంతు చాలు. అరుదైన పిట్టకి మాత్రం రెండు గొంతులు కావాలి. మొదట చూసినవాడి పేరు ముందు, సాక్షి పేరు తర్వాత. రెండో గొంతు లేకపోతే ఆ పిట్ట రాలేదన్నట్టే. ఈ నియమం పెట్టింది కూడా నేనే. అప్పట్లో మాలో ఎవరి దగ్గరా కెమెరాలు లేవు. మనిషి మాటే మాకు ఫోటో.

మస్తాన్ దర్జీ. రైల్వే గేటు దగ్గర చిన్న కొట్టు. నా టెలిస్కోపుకి గుడ్డసంచీ కుట్టమని ఇస్తే, ఇదేందని అడిగాడు. కొట్టు ఎదురుగా తీగ మీద పాలపిట్ట ఉంటే చూపించాను. చాలాసేపు కన్ను తియ్యలేదు. బయట ఎవరో జాకెట్టు గుడ్డ పట్టుకుని నిలబడి కసురుకుంటున్నా తియ్యలేదు. ఆ ఆదివారం అందరికంటే ముందొచ్చి బస్టాండులో నిలబడ్డాడు.

ఏం కళ్ళు అవి! ఇంగ్లీషు పేర్లు తెలియవు. పిట్టల్ని బట్టల్లా చూసేవాడు. ఒకదానికి కాలరు నల్లగా ఉందనేవాడు, ఇంకోదానికి చేతులు పొట్టి అనేవాడు. నేను పుస్తకం తిరగేసి చూస్తే, అచ్చం అతను చెప్పిందే గుర్తుగా రాసి ఉండేది. మొదట్లో గర్వపడ్డాను, నా శిష్యుడని. మూడేళ్ళయ్యేసరికి కొత్తవాళ్ళు ఏ పిట్ట కనబడినా నన్ను దాటుకుని పోయి అతన్ని అడగడం మొదలుపెట్టారు. గర్వం ఎక్కడ ఆగింది, ఇంకొకటి ఎక్కడ మొదలైంది? ఎంత తవ్వుకున్నా నాకు దొరకదు. దాన్ని అసూయ అనడానికే నాకు ఏడేళ్ళు పట్టింది.

ఇక ఆ డేగ సంగతి. చైనాకి అవతలి నుంచి బయల్దేరి, నాగాలాండ్‌లో దిగి కడుపు నింపుకుని, మన దేశం మీదుగా వచ్చి, సముద్రం దాటి ఆఫ్రికా పోతాయవి. నవంబరులో కొద్దిరోజులు మన తీరం మీదుగా కూడా వెళ్ళొచ్చని చదివాను. మాలో ఎవరూ చూడలేదు. ప్రతి కొత్తవాడికీ నేను చెప్పే మొదటి కథ అదే. పదకొండు నవంబర్లు ఆకాశం చూసి చూసి మెడ పట్టేసింది కానీ ఒక్కటీ కనబడలేదు. అవి వస్తే నాకే కనబడాలని నాకు నేనే రాసేసుకున్నాను. ఎవరిచ్చారయ్యా నాకా హక్కు?

వాయుగుండం వెళ్ళిపోయిన మర్నాడు. ఆదివారం. వాన ఆగింది కానీ ఆకాశం బూడిద పూసినట్టే ఉంది. మిగతావాళ్ళు ఉప్పుమడుల వైపు ముందు వెళ్ళిపోయారు. టెలిస్కోపు కాళ్ళు బురదలో దిగబడితే నేనూ మస్తానూ వెనకబడ్డాం. సర్వితోపు పక్కన నేలలోంచి ఉసిళ్ళు లేస్తున్నాయి. నేను వంగి బురద తుడుచుకుంటున్నాను. మస్తాన్ నా భుజం తట్టాడు. ఎప్పుడూ నన్ను తాకని మనిషి.

తల ఎత్తాను. తోపు మీద ఇరవై పైగా ఉన్నాయి. ఉసిళ్ళని గాల్లోనే కాళ్ళతో అందుకుని, ఎగురుతూనే తింటున్నాయి. బైనాక్యులర్ పెట్టాను. బూడిదరంగు ఒళ్ళు. తొడల మీద ఎర్రలాగు. ఒకటి పక్కకి తిరిగింది, రెక్క లోపల తెల్లగా మెరిసింది. "లోపల తెల్ల లైనింగు సార్," అని మస్తాన్ గుసగుసగా అన్నాడు. ఆ మాట పుస్తకంలో ఉన్న మాటే. మగ అమూర్ డేగకి గుర్తు అదే. నేను చెప్పేలోపే అతను చెప్పేశాడు. కాసేపటికి అవి ఒక్కొక్కటే పైకి లేచి మబ్బులో కలిసిపోయాయి.

ఆ కాసేపట్లో నాకు సంతోషం ఎంతసేపు ఉంది? నిజం చెప్తున్నాను. నాలుగు గుక్కల ఊపిరంత. ఆ తర్వాత రిజిస్టరు కళ్ళ ముందు కదిలింది. ముందు మస్తాన్ పేరు, తర్వాత నా పేరు. పదకొండేళ్ళు నేను కాస్తే, మూడేళ్ళ కిందట పాలపిట్టని చూసి నోరు తెరిచినవాడి వెనక సాక్షిగా నేను. బైనాక్యులర్ దించి, కళ్ళు నులుముకుని, "ఎండ కళ్ళల్లో పడింది మస్తాన్, సరిగ్గా కనబడలేదు," అన్నాను.

టీ కొట్టు దగ్గర జాబితా మొదలైంది. బీమా ఏజెంటు చదువుతున్నాడు. చివర్లో ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే మస్తాన్ ఆ డేగల్నీ, వాటి ఎర్రలాగునీ చెప్పాడు. అందరి గ్లాసులూ ఆగిపోయాయి. రెండో గొంతు ఎవరిదని అందరూ నావైపు తిరిగారు. నేను గ్లాసులోకి చూస్తూ, నేను చూడలేదనీ, ఎండ కళ్ళల్లో పడిందనీ, మామూలు కెస్ట్రెల్ డేగలు అయ్యుండొచ్చనీ అన్నాను. ఎవరో, "లాగు కొలతలు కూడా తీసుకున్నావా మస్తానూ?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అబద్ధం కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ కాలుస్తుంది.

తిరుగు దారిలో నా స్కూటరు వెనక కూర్చున్నాడు. రొయ్యల గుంటలు దాటాక అడిగాడు.

"సార్, ఈ పొద్దు ఎండ యాడ కాసింది?"

నేను స్కూటరు వేగం పెంచాను.

"మీరు చూసినారు సార్. అద్దాలు మీ కళ్ళకాడే ఉండాయి. నోరు తెరుచుకొని ఉండారు. పిట్టల్ని చూసినప్పుడే నేను మిమ్మల్ని గూడా చూసినా."

"లేదు మస్తాన్. పొరబడ్డావు."

"సరే సార్. గేటుకాడ దింపేయండి."

ఇంతే జరిగింది. దీన్ని వెయ్యిసార్లు తిప్పి తిప్పి విన్నాను. అతను అరిచుంటే నేనూ అరిచి, దాన్ని తగువు అనుకుని మర్చిపోయేవాణ్ణి. సరే సార్ అన్నాడు.

అక్కడితో ఆగలేదు. ఆ ఏడు ఫిబ్రవరి నడకలో పిల్లలకి మస్తాన్ చూపించాలని ముందే అనుకున్నాం. అతను దానికోసం పండగలా తయారవుతున్నాడు. నల్ల గుడ్డముక్కల్ని గద్దల ఆకారంలో కత్తిరించి, లోపల అట్టపెట్టి కుడుతున్నాడు. ఆకాశానికి ఎదురుగా పట్టుకుంటే పిల్లలకి ఏది గద్దో ఏది డేగో తెలుస్తుందని. జనవరిలో మేం కూర్చున్నప్పుడు ఎవరో అన్నారు, లేని పిట్టల్ని చూసేవాడు పిల్లలకేం చూపిస్తాడని. అందరూ మళ్ళీ నావైపే చూశారు. మీ ఇష్టం అన్నాను. నడక ఇంకొకరికి ఇచ్చేశారు. మస్తాన్ మళ్ళీ ఏ ఆదివారమూ రాలేదు. ఆ గుడ్డపిట్టల్ని మాత్రం సంచిలో పెట్టి మా ఇంటికి పంపించాడు. పిల్లలు ఏం పాపం చేశారని అనుకునుంటాడు.

ఆ సంచిలో ఏడున్నాయి. ఆరు నల్లటివి. ఏడోదానికి రెక్క లోపల తెల్ల లైనింగు వేసి ఉంది.

ఏటా పిల్లల ముందు ఆ ఏడూ బయటికి తీస్తూనే ఉన్నాను. ఇదేం పిట్ట సార్ అని ఎవరో ఒకరు ఏడోదాన్ని చూపించి అడుగుతారు. డేగ అంటాను. ఏ డేగ సార్ అంటే, పదండి పొద్దెక్కుతోంది అంటాను. తేలు కుట్టిన దొంగ బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇంకొక సంగతి ఉంది, తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది. మా రిజిస్టరులో ప్రతి రోజుకీ వాతావరణం రాసే గడి ఉంటుంది. అది రాసేది నేను. ఆ రోజు పొద్దున్నే నా చేత్తో రాశాను: ఆకాశం పూర్తిగా మబ్బు. అదే పేజీ ముందు పెట్టుకుని ఎండ కళ్ళల్లో పడిందన్నాను. ఎదురుగా ఉన్నవాళ్ళు పిట్ట ముక్కు వంపు చూసి జాతి చెప్పగలిగినవాళ్ళు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, పైకి చూసి సార్ ఎండేదీ అనలేదు. ఎందుకంటే నేను సార్‌ని, అతను దర్జీ. ఆ తర్వాత ఎవరు ఆ రిజిస్టరు తెరిచినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. ఎవరూ ఆ గడి చదవలేదు. చదివి పట్టుకుని నలుగురిలో కడిగేసి ఉంటే ఎంత బాగుండేది! నా తప్పు నేనే చెప్పుకోవాల్సి రావడం కూడా వాళ్ళ తప్పే అన్నట్టు కోపం వస్తుంది. చూశారా, ఇప్పటికీ ఎలా మాట్లాడుతున్నానో.

నాలుగేళ్ళ కిందట ఒక ఇంజినీరింగ్ కుర్రాడు తీగ మీద కూర్చున్న అమూర్ డేగని ఫోటో తీశాడు. మా తీరంలో మొదటిసారి అని అందరూ పండగ చేశారు. శాలువా కప్పింది నేను. ఈ రోజు కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశామో అని మైకులో నా గొంతే వణికింది. నిజంగానే వణికింది, కానీ వాళ్ళనుకున్నందుకు కాదు. మా వెనక కట్టిన క్లబ్బు బ్యానరు కుట్టింది మస్తాన్.

ఆ తర్వాత అతని కొట్టుకి పోవడం మొదలుపెట్టాను. చెబుదామని. చేతిలో ఏమీ లేకుండా పోతే బాగుండదని ఒక ప్యాంటు పట్టుకుపోయేవాణ్ణి. నడుము వదులు చేయమని ఒకసారి, బిగించమని ఇంకోసారి. బాగున్న ప్యాంట్లన్నీ అలా పాడు చేసుకున్నాను. అతను కొలిచి, సుద్దతో గీత గీసి, గురువారం రండి సార్ అంటాడు. మర్యాదకేం లోటు లేదు. పిట్టల ఊసు మాత్రం ఎత్తడు. తీగ మీద పాలపిట్ట అరిచినా మిషను మీంచి తల ఎత్తడు. ఇప్పుడు కళ్ళద్దాలు మందంగా వచ్చాయి. సూదిలో దారం కూతురు ఎక్కించి ఇస్తోంది. రా మస్తాన్, ఆదివారం పోదాం అని పిలిచే రోజులు నేను ప్యాంట్లు మోస్తుండగానే అయిపోయాయి.

ఒకరోజు ప్యాంటు ఇచ్చి తిరిగొస్తుంటే అర్థమైంది. అతనికి నేను కొత్తగా చెప్పేదేముంది? ఆ రోజు స్కూటరు మీదే అతనికి అంతా తెలుసు. చెప్పాల్సింది నవ్వినవాళ్ళకి. ఆ నవ్వినవాళ్ళేరీ? ఒకరు పోయారు, ఇద్దరు బదిలీ మీద వెళ్ళారు, బీమా ఏజెంటు మోకాళ్ళ నొప్పులతో బయటికే రావడం లేదు, మిగతావాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. తీరా నాకు నోరు వచ్చేసరికి వినాల్సిన చెవులు లేవు.

అయినా మొన్న ఆదివారం టీ కొట్టు దగ్గర, జాబితా అయ్యాక, పాత రిజిస్టరు తీశాను. ఆ పేజీ తెరిచి, ఆ తేదీన అమూర్ డేగలు వచ్చాయని, మొదట చూసింది మస్తాన్ అనే దర్జీ అని, నేనూ చూసి చూడలేదని అబద్ధమాడానని చెప్పాను. కుర్రాళ్ళు ఫోన్లు దించి విన్నారు. మంచి పిల్లలు. తర్వాత వాళ్ళలో ఒకతను, చాలా గౌరవంగానే, అడిగాడు.

"ఫోటో ఏమన్నా ఉందా సార్? ఫోటో లేకుంటే జాబితాలో ఎక్కించలేం గదా."

మనిషి మాట చాలని నియమం పెట్టినవాణ్ణి నేను. ఆ మాటని ముందుగా చెడగొట్టిందీ నేనే. ఆ పిల్లవాణ్ణి ఏమనను?

అందుకే మీ దగ్గరికొచ్చాను. మీరెవరో నాకు తెలియదు. మీరా రోజు నవ్వలేదు కూడా. క్షమించమని అడగడం లేదు, అది మీ చేతుల్లో లేదు. మస్తాన్ చేతుల్లో ఉన్నా అడిగే ముఖం నాకు లేదు. మీరు కాసేపు టీ గ్లాసు పట్టుకుని ఆ బల్ల మీద కూర్చోండి, చాలు. పేరు నేనే చదువుతాను.

అమూర్ డేగ. ఇరవైకి పైగా. సర్వితోపు మీద. ఆకాశం పూర్తిగా మబ్బు. మొదట చూసినవారు, మస్తాన్ గారు.

చూశాను.