సున్నం కింద రాజవ్వ గీతలు

దయ్యాలను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. రోజూ గోదారిలో మునిగి దేవుడికి దీపం పెట్టుకునేదాన్ని, నాకు వాటితో పనేముంది? కింద రాసింది చదివి కొందరు నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. జరిగింది జరిగినట్టు చెప్పడానికి నేనెవరికీ భయపడను.

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో మంథనిలో మేం కొందరు ఆడవాళ్లం మహిళా మండలి పెట్టుకున్నాం. పేద బాలింతలకు బియ్యం ఇవ్వడం మా పని. ఇంటింటా వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్క కుండలో వేసి ఉంచేవారు. గడ్డం మీద పచ్చబొట్టున్న రాజవ్వ అనే పెద్దామె వాడవాడా తిరిగి అవి తెచ్చి, సమితి మాకిచ్చిన గదిలో వెదురు గుమ్మిలో పోసేది.

రాజవ్వకు అక్షరం రాదు. మొగుడి పేరు నోట పలకని ఆడవాళ్లతో పని కాబట్టి ఇంటికొక గుర్తు పెట్టుకుంది. ఒకరికి దువ్వెన, ఒకరికి రోకలి, ఒకరికి చాట. గది గోడ మీద ఎర్రమట్టి జాజుతో ఆ బొమ్మ గీసి, కింద సోలెడు బియ్యానికొక గీత పెట్టేది. బొమ్మ ఏ ఇంటిదో అడిగి, గీతలు చూసి, నేను పుస్తకంలో ఇంటిపేరుతో ఎక్కించేదాన్ని. బడికి పోనిదాన్నే, మా బాపు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన చదువు అలా అక్కరకొచ్చింది. ఆయన రుణం తీరేది కాదు.

"నాకు సదువు రాకున్నా నా గోడకు వస్తది బిడ్డా" అని నవ్వేది రాజవ్వ.

ఆ వానాకాలం ఆమె జ్వరంతో పోయింది. నోట్లో తులసి నీళ్లు పోసింది నేనే.

దసరా వెళ్లాక కరీంనగర్ నుంచి ఆడిటర్ వస్తున్నారని కబురొచ్చింది. ఆయన లెక్క బాగుందని రాస్తేనే గది మాకు ఉంటుంది. లేకుంటే పోతుంది. దాన్ని తన ఎరువు బస్తాలు పెట్టుకోవడానికి ఇమ్మని మా వాడకట్టు కిష్టయ్య మామ ఎప్పటినుంచో సమితిలో పట్టుబడుతున్నాడు. గది పోతే బాలింతల బియ్యమూ పోయినట్టే.

ఆడిట్ అంటే మాకేం తెలుసు? పెద్ద చుట్టం వస్తున్నట్టే అనుకున్నాం. అంతా ఒక్కటై గది కడిగాం, గడపకు పసుపు రాశాం, ముగ్గు పెట్టాం. గోడలు మెరిసేలా సున్నం వేశాం.

ఆడిటర్ నెరిసిన గడ్డం, షేర్వానీ ఉన్న పెద్దమనిషి. మంథనికి రావడం అదే మొదలన్నారు. పుస్తకం చూశారు. బియ్యం కొలిపించారు. పుస్తకంలో రాసినదానికంటే గుమ్మిలో ఎక్కువున్నాయి.

"ఎక్కువుంటే మంచిదే గద సాబ్?" అన్నాను.

"తక్కువున్నా తప్పే, ఎక్కువున్నా తప్పేనమ్మా. సర్కారు లెవీ కింద ధాన్యం గుంజుకునే గీ దినాలల్ల ఏ సావుకారో తన బియ్యం మీ గదిల దాచిండని రాయవలసొస్తది. పుస్తకం దేన్ని చూసి రాసిండ్రు? జర అది చూపించుండ్రి."

గోడ వైపు వేలు చూపించాను. తెల్లగా ఉంది. అప్పుడు తెలిసింది మేం చేసిన పని.

ఆడిట్ చూడ్డానికి వచ్చిన కిష్టయ్య మామ నన్ను పక్కకు పిలిచాడు. "గింతదానికే పరేషానెందుకు బిడ్డా? నాలుగు చీటీలు రాసి ఏలిముద్రలు ఎయ్యించు. ఎవనికెరుక?"

ఆ చీటీలు ఉన్నన్నాళ్లూ మేం తన గుప్పిట్లో ఉంటామని ఆయన ఎత్తు. "దీపం పెట్టే చేత్తోని దొంగ చీటీ రాయను మామా. గది పోతే పోనీ" అన్నాను.

"గట్లయితే రేపు బాలింతలకు నీ పుస్తకం వండి పెట్టు" అన్నాడు.

ఆడిటర్ సాబ్ ఇంకోసారి చూస్తానని ఒక్కరే లోపలికి పోయారు. ఆ గదికి ఒకటే తలుపు. ఆ గడప మీదే నేను కూర్చున్నాను, మిగతా ఆడవాళ్లు చుట్టూ ఉన్నారు. పట్టపగలు. లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఊఁ, తర్వాత? ఇంకెవరు?" రాసుకుంటూ తనలో తాను అనుకుంటున్నారనుకున్నాం.

బయటికొచ్చి నా మీద కోపం చేశారు. "మీ ముసలమ్మను ముందుగాల్నే ఎందుకు చూపలే? ఆమెకు అన్నీ ఎరుకే గద."

"ఏ ముసలమ్మ సాబ్?"

"గుమ్మి పక్కన కూసొని బియ్యంల రాళ్లేరుతున్నది. గదువకు పచ్చబొట్టున్నది."

నేను లేచి లోపల చూశాను. ఎవరూ లేరు.

ఉర్దూలో రాసుకున్న కాగితం ఆయనే చదివి వినిపించారు. దువ్వెన వాళ్లు, రోకలి వాళ్లు, చాట వాళ్లు. రాజవ్వ ఏ వాడ తర్వాత ఏ వాడ తిరిగేదో అదే వరస. ఈ గుర్తులు నా పుస్తకంలో లేవు, గోడ మీద సున్నం కింద ఉన్నాయి. చివరన "నెమలి వాళ్లు, గుమ్మి ఎనుక" అని చదివారు. నెమలి గుర్తు నేను ఎన్నడూ చూడలేదు, వినలేదు.

గుమ్మి జరిపి, ఇనుప గరిటెతో సున్నం గీకాను. ఎర్రటి నెమలి, దాని కింద గీతలు బయటపడ్డాయి. ఎక్కువొచ్చిన బియ్యానికి ఆ గీతలు సరిపోయాయి. ఆడిటర్ సాబ్ అంతటితో వదల్లేదు. గోడంతా గీకించి, ప్రతి గుర్తూ పుస్తకంతో సరిచూసి, అప్పుడే లెక్క సరిగ్గా ఉందని రాశారు. నిక్కచ్చి మనిషి, ఆయన మేలు మరువను.

మాతో ఉన్న ఒక చిన్న కోడలు నా చెవిలో చెప్పి ఏడ్చింది. "అత్తకు తెల్వకుంట గోదారి మెట్ల కాడ ఇచ్చేదాన్నక్కా. ఎవ్వలకు చెప్పకవ్వా అంటే, ఎవ్వలు చూడని కాడ నెమలి గీస్తనన్నది. అవ్వకు, నాకే ఎరుక." ఆమె పేరు రాయొద్దని సాబ్‌ను బతిమాలాను. నెమలి అని మాత్రమే రాశారు.

మేమే ఆయనకు చెప్పిపెట్టామని కిష్టయ్య మామ ఊరంతా అన్నాడు. మాకు నెమలి సంగతి తెలిస్తే పుస్తకంలోనే ఎక్కించేవాళ్లం కదా, తెలిసి తెలిసి సున్నమెందుకు వేస్తాం? ఆ మాట ఆయన ముఖం మీదే అడిగాను. మరుసటి ఏడు మళ్లీ వచ్చిన ఆడిటర్ సాబ్ చెప్పులు విడిచి, ఖాళీ గదికి సలాం చేసి లోపలికి పోయారు.

లోపల ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమంటే ఒప్పుకోను, రాజవ్వ దయ్యమయ్యే మనిషి కాదు. ఎవరూ లేరన్నా ఒప్పుకోను. దేవుడి దయ అని చేతులెత్తి మొక్కుతాను, అంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ గోడకు మళ్లీ సున్నం వేయనివ్వలేదు. వేయాలన్న వాళ్లను, ముందు లోపలికి ఒక్కరే పోయి ఆమెను అడిగి రమ్మన్నాను. ఇంతవరకు ఎవరూ పోలేదు.