చుట్టుకొక టిక్కు

ఆ ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ చెవులత్తే. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం వినడం. గ్రామఫోన్ రికార్డులు అచ్చుపోసే చోటది. వందల కొద్దీ కాపీలు తీసే ముందు ప్రతి పాటకూ ఒక నమూనా రికార్డు తీసి అత్త గదికి పంపుతారు. ఆమె తలుపు మూసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మొదటి గాడి నుంచి చివరి గాడి దాకా వింటుంది. బాగుందనుకుంటే కార్డు మీదా, రికార్డు మధ్యనున్న కాగితం మీదా సంతకం పెడుతుంది. ఆ సంతకం పడితేనే ప్రెస్సు కదులుతుంది.

అంటే అనుమానించడమే ఆమె పని. పొద్దస్తమానం చేసే పనిని ఇంటికి రాగానే చెప్పులతో పాటు గుమ్మం దగ్గర విడవమంటే ఎవరి తరం? పాలు తెల్లగా ఉన్నాయని పదిమందీ అంటే, నీళ్లు ఎన్ని కలిపాడో ఈమె చూస్తుంది. కూతురు గది తలుపు వేసుకుంటే ఎందుకేసిందంటుంది, తీసి ఉంచితే ఏం దాచడానికి తీసి ఉంచిందంటుంది. "నేను తుమ్మినా ఎవరి కోసం తుమ్మావని అడుగుతుంది మా ఆవిడ" అని భర్త నలుగురిలో నవ్వేవాడు. అందరితో అలా ఎందుకు నవ్వుతున్నాడా అని ఆమె దాన్నీ అనుమానించేది.

పాత పాటల కంపెనీలు ఆ ఫ్యాక్టరీ ముఖం చూసి చాలా కాలమైంది. ఇప్పుడు వచ్చే ఆర్డర్లన్నీ యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతం చేసేవాళ్లవీ, నేలమాళిగల్లో డాన్సులు పెట్టుకునేవాళ్లవీ. తలా మూడు వందల కాపీలు. రికార్డు మధ్య కాగితం మీద పేరుండదు, ఊరుండదు. ఒక రబ్బరు ముద్ర, ఒక అంకె, అంతే. పేరు చెప్పుకోలేనివాడు ఏదో దాస్తున్నట్టేనని అత్త మొదటి తీర్పు. పాట మరీను. ఒకే డ్రమ్ము దెబ్బ, దాని మీద చిన్న వెండిరంగు పెట్టెలోంచి పుట్టే జిగట శబ్దం. తడిగుడ్డను మెలిపెట్టి పిండినట్టు ఏడెనిమిది నిమిషాలు అలా మెలికలు తిరుగుతూనే ఉంటుంది. మొదటిసారి విన్నరోజు ఆమె కార్డు మీద "మొత్తం పాటే తప్పు" అని రాసి పంపింది. మేనేజరు ఆ కార్డుకు అద్దం కట్టించి గోడకు తగిలించాడు.

ఏడాది తిరిగేసరికి ఆమెకు అందులో రుచి తెలిసింది. ముద్ర చూడకుండానే ఇది ఫలానా వాళ్లదని చెప్పేది. ఏ రికార్డును పెద్ద స్టూడియోలో చేశారో, దేన్ని వంటింటి బల్ల మీద చేశారో చెప్పేది. కొన్నిటికి కాలి బొటనవేలు దానంతటదే కదిలేది. అది ఎవరి కంటా పడకుండా పాదాలు కుర్చీ కిందికి లాక్కునేది.

పోయిన చలికాలంలో ఆమె సంతకం పెట్టిన ఒక యాసిడ్ రికార్డు మూడు వందల కాపీలూ తిరిగొచ్చాయి. రికార్డు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఒక టిక్కు. అచ్చు ప్లేటు మీద గీత పడితే అలా వస్తుంది. మేనేజరు మర్యాదగానే చెప్పాడు, ఇంకొక్కటి తిరిగొస్తే ఆ కుర్చీలో వేరొకర్ని కూర్చోబెడతానని. అత్త ఆ రోజు అన్నం ముట్టలేదు. ఇల్లు భర్తది, కూతురు రేపోమాపో మరొకరిది. తనదంటూ ఉన్నది ఆ గదీ, ఆ కుర్చీ మాత్రమే.

ఆ వేరొకరు ఎవరో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడో నంబరు ప్రెస్సు నడిపేది సొంత మరిది. ఉద్యోగం వేయించింది తనే. ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో అందరికంటే ఎక్కువ సార్లు ఆగేది అతని ప్రెస్సే. ఆగినప్పుడల్లా ఏ రికార్డు దగ్గర, ఏ రోజు, ఎందుకాగిందో బోర్డు మీద రాస్తారు. ఒకసారి ఆవిరి లీకంటాడు, ఒకసారి ప్లేటు వంకరంటాడు. పని చేతకానివాడికి కుర్చీ మీద కన్ను పడటంలో వింతేముంది? రోజూ టీ పట్టుకుని గదిలోకి వస్తాడు, సంతకం పెట్టేశాక కూడా "బాగానే ఉందా వదినా?" అని మళ్లీ అడుగుతాడు. ఇంకో సంగతి. ఆ మూడు వందల రికార్డులు అచ్చయిన వారం అతను సెలవులో ఉన్నాడు. నెపం తన మీద పడకుండా తప్పుకున్నాడంటే ఎంత ముందుచూపో అనుకుంది ఆమె.

ఆ తర్వాత ఒకరోజు అతని బల్ల కింద గుడ్డ కప్పిన ఏడు నమూనాలు కనిపించాయి. పని అయిపోయిన నమూనాలను పొడి చేసి మళ్లీ కరిగించడం అక్కడి పద్ధతి. ఇవి పొడి కాలేదంటే దాచినవే. ఏడింటి మీదా తన సంతకమే ఉంది. మేనేజరు ముందు పెట్టడానికి సాక్ష్యం పోగేస్తున్నాడని ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా కిక్కురుమనలేదు. తొందరపడితే దొంగ తప్పించుకుంటాడని ఓపిక పట్టింది.

ఆ మంగళవారం ఉదయం కొత్త యాసిడ్ రికార్డు వచ్చింది. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇంట్లో చేసుకున్నది, వాళ్లకిదే మొదటిది. అత్త రెండుసార్లు వింది. బొటనవేలు కూడా కదిలింది. సంతకం పెట్టి పంపింది. గంట తిరక్కుండానే మూడో నంబరు ప్రెస్సు ఆగిపోయింది. గది అద్దంలోంచి చూస్తే మరిది ప్లేటు ఊడదీస్తున్నాడు. ఆమె విసవిసా వెళ్లి ఏమైందని అడిగింది.

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మొదటి కాపీ తిప్పి విన్నాను, చుట్టుకొక టిక్కు ఉంది వదినా. కంటికి ఆనే గీత కాదు, లోపలి అంచు దాకా పోయింది. ఈ పాట వేగం అలాంటిది మరి. ఒక చుట్టుకి సరిగ్గా నాలుగు దెబ్బలు. టిక్కు వెళ్లి దెబ్బ మీదే పడుతోంది. ఎవరికీ దొరకదులే."

ఆ చివరి మాట దగ్గరే ఆమె అనుమానం బుస్సుమంది. నేరం మోపేవాడు సాకు కూడా తనే చేతికి అందిస్తాడా? తన చెవిలో పువ్వు పెట్టడానికే వచ్చాడనుకుంది. అతని దగ్గరున్న నమూనా, కార్డు తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

పాట జోలికి పోలేదు. సూదిని తిన్నగా పాట అయిపోయిన చోట దించింది. అక్కడ డ్రమ్ము లేదు, దాక్కోవడానికి దెబ్బ లేదు, ఉట్టి గాడి తిరుగుతుంది. గీత లోపలి అంచు దాకా ఉందని అతని నోటితోనే అన్నాడు. ఉంటే ఇక్కడ వినపడి తీరాలి. ఊపిరి బిగబట్టి వింది. ఏమీ లేదు. శబ్దం పెంచింది. ఏమీ లేదు. ఇన్నాళ్లకు దొరికాడు అనుకుంది. ఆ ఆనందంలో మేనేజరుకు ఫోన్ చేయడానికి చెయ్యి కూడా చాచింది.

అయితే ఒకరి మీద వేలు చూపే ముందు సామాను సరిచూసుకోవడం ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ల అలవాటు. లోపల తీగ తెగితే ఒక పక్క శబ్దం రాదు. అందుకని హెడ్‌ఫోన్లను అటుదిటు, ఇటుదటు తిప్పి పెట్టుకుంది.

టిక్.

కుడి పక్క వినపడాల్సిన టిక్కు ఇప్పుడు ఎడమ చెవిలో పడింది. చుట్టు తిరిగింది. మళ్లీ టిక్. తిప్పి మామూలుగా పెట్టుకుంటే ఏమీ లేదు. మళ్లీ తిప్పితే ఉంది. ఇలా ఆరుసార్లు చేసింది. తీగ తెగలేదు. సూది బాగుంది. డ్రమ్ము దెబ్బలు రెండు చెవుల్లోనూ గట్టిగానే వినిపిస్తూ వచ్చాయి కాబట్టి ఇన్నాళ్లూ ఆమెకు తెలియలేదు. కుడి చెవిలో పోయినవి సన్న చప్పుళ్లే. పాలవాణ్ణి, కూతుర్ని, కట్టుకున్నవాణ్ణి అనుమానించింది గానీ ఆ చెవిని ఒక్కనాడూ అనుమానించలేదు.

టీ వేళకు ప్రెస్సుల దగ్గర ఎవరూ లేనప్పుడు వెళ్లి, ఆ ఏడు నమూనాలూ తెచ్చుకుంది. హెడ్‌ఫోన్లు తిప్పి పెట్టుకుని ఒక్కొక్కటే వింది. ఏడింటిలోనూ ఏదో ఒక తప్పుంది, అంతా కుడి పక్కే. రికార్డుల అంకెలు కాగితం మీద రాసుకుని బోర్డు దగ్గరికి వెళ్లింది. ఆవిరి లీకు, ప్లేటు వంకర, ఆవిరి లీకు. ఆ ఏడు రికార్డులూ అచ్చుకెక్కిన రోజునే మూడో ప్రెస్సు ఆగింది. ప్రతిసారీ నేరం తన ప్రెస్సు మీద వేసుకుని అతను కొత్త ప్లేటు పెట్టించాడు. అతను సెలవులో ఉన్న వారం అలా ఆపేవాడు లేక మూడు వందలూ బయటికి పోయాయి. ఆ ప్రెస్సుకు రోగిష్టిదని పేరు పెట్టింది తానే. ఇంట్లో అందరి ముందూ, చేతకానివాణ్ణి తెచ్చి పెట్టానని అతని మొహం మీదే అంది. సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి.

మరిది టీ తాగి వచ్చేసరికి ఆమె అతని బల్ల దగ్గర నిలబడి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది.

అతను ఆమె చేతిలోని రికార్డులు చూసి తల దించుకున్నాడు. "ఏడాది అవుతుంది."

"నాతో ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెప్తే నమ్మేదానివా వదినా?"

నమ్మేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అతను గబగబా, ఇంకొన్నాళ్లు ఇలాగే నెట్టుకొద్దామనీ, తను చూసుకుంటాననీ, ఎవరికీ తెలియదనీ ఏదో చెబుతున్నాడు. ఆమె వినిపించుకోకుండా మేనేజరు గదికి నడిచింది. అతను చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చాడు.

మేనేజరు అంతా విని ఆమెనీ, వెనక నిలబడ్డ మరిదినీ మార్చి మార్చి చూశాడు. "నీ మరిది ప్రెస్సు మాటిమాటికీ ఆగుతోందని పైవాళ్లు గొడవ చేస్తున్నారు. వాణ్ణి కాపాడుకోవడానికి చెప్పట్లేదు కదా?" అన్నాడు.

ఎదుటివాడు తన మాట నమ్మకపోతే ఎలా ఉంటుందో ఆమెకు ఆ వయసులో తెలిసింది. వాదించలేదు. మేనేజరును తన గదికి తీసుకెళ్లి, తన కుర్చీలో కూర్చోబెట్టి, అక్కచెల్లెళ్ల రికార్డు తిప్పింది. సూదిని ఉట్టి గాడిలో దించింది. హెడ్‌ఫోన్ల ఎడమ పక్క అతని చెవికి పెట్టి, కుడి పక్క తన కుడి చెవికి ఆనించుకుంది. ఇద్దరికీ ఏమీ వినపడలేదు. అప్పుడు తన చెవి దగ్గరున్నది కూడా తీసి అతని రెండో చెవికి తగిలించింది.

మేనేజరు కనురెప్ప అదిరింది. రికార్డు ఒక చుట్టు తిరిగింది. మళ్లీ అదిరింది. టిక్కు పడిన ప్రతిసారీ ఆ రెప్ప కదలడం ఆమె మూడు చుట్ల దాకా చూసింది. తర్వాత ఉదయం కార్డు మీద పెట్టిన సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, కలం గుమ్మంలో నిలబడ్డ మరిది చేతిలో పెట్టింది.