సిపాయిలకూ ఆఖరు బస్సే

జగిత్యాల కోట మీద చారిత్రక నవల రాయాలన్న పిచ్చి నాకు సరిగ్గా నక్సలైట్ల కాలంలోనే పట్టింది. అప్పుడు కోరుట్లలో బడిపంతులుని. ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే బస్సెక్కి వెళ్లి కోట చుట్టూ తిరిగేవాణ్ణి. బురుజు నీడ ఎటు పడుతుందో, అగడ్తలో నీళ్లు ఏ రంగులో ఉంటాయో, అన్నీ కంఠతా వచ్చేశాయి. స్థలం బాగా తెలిస్తే కథ దానంతటదే నడుస్తుందని నా ధీమా. సాయంత్రం ఆఖరు బస్సుకు మాత్రం తిరిగి వచ్చేయాల్సిందే. ఆ రోజుల్లో చీకటి పడ్డాక బయట కనిపిస్తే అటు అన్నలకూ ఇటు పోలీసులకూ జవాబు చెప్పుకోవాలి.

నా తొలి శ్రోత మా ఆవిడ. సిరిసిల్ల మగ్గాల ఇంటి ఆడపడుచు, మొహమాటం బొత్తిగా లేదు. సగం నవల విని పకపకా నవ్వింది.

“గా సిపాయిలకు గూడ కోరుట్ల ఆఖరు బస్సు పోతదా ఏంది? పొద్దుగూకకముందే అందరు ఇండ్లకు ఉరుకుతున్నరు!”

తిరగేసి చూస్తే నిజమే, రాసినంతలో ఒక్క రాత్రి లేదు. నాయిక కోటలోని సిపాయిని వెన్నెల్లో రహస్యంగా కలుసుకోవాలి. నవలకు ప్రాణం ఆ ఘట్టమే. అక్కడే నెలల తరబడి కలం ఎందుకు ఆగిపోయిందో అప్పుడు అర్థమైంది. రాత్రిపూట ఆ కోటను నేనెన్నడూ చూడలేదు!

“గట్లయితే పున్నానికి పోదాం. జగిత్యాలల మా అక్క ఇంట్ల పండుకుందాం,” అంది.

“ఎవరన్నా ఆపితే?”

“నేను మాట్లాడ్త.”

పున్నమినాడు జగిత్యాలలో, కోరుట్ల వెళ్లే ఆఖరు బస్సు మా కళ్ల ముందే వెళ్లిపోయింది. నేను రోడ్డుకు అటూ ఇటూ చూస్తున్నాను. ఆవిడేమో తీరిగ్గా పల్లీలు నములుతోంది. కోట దగ్గరికి చేరామో లేదో, టార్చి వెలుగు మొహం మీద పడింది.

“ఎవలు?” అన్నాడు పోలీసాయన.

నేను మా ఆవిడ వెనక్కి జరిగాను.

“గీయన నా పెనిమిటి సారూ,” అంది మా ఆవిడ. “కథ రాస్తున్నడు. కోట మీద ఎన్నెల ఎట్లుంటదో తెల్వదట, చూపెడ్దామని తోలుకచ్చిన.”

ఆయన ఫక్కున నవ్వాడు. “జల్ది చూసి పోండ్రి,” అంటూ టార్చి ఆర్పేశాడు.

అప్పుడు కనిపించింది వెన్నెల, అగడ్త నిండా. కప్పల గోల, గోడ రాళ్లలో ఇంకా చల్లారని ఎండ. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

వారం తిరక్కుండా ఆ అధ్యాయం పూర్తయింది. అందులో ముసలి కాపలావాడు ఆ జంటను చూసి, దివిటీ ఆర్పేసి పక్కకు తప్పుకుంటాడు.

“మంచిగుంది గని,” అంది మా ఆవిడ, “ఆ పోలీసాయన నవ్విండు గద. అది రాయలేదేంది?”

కలం తీసి, ఆమె చూస్తుండగానే కాపలావాణ్ణి నవ్వించాను.